మొదటి పీట దాకా: రిటైర్ అయినంక కర్రపని మొదలుపెట్టేవాళ్లకు

సర్వే శాఖలో 31 ఏండ్లు పనిచేసి 2019లో, 58 నిండినంక రిటైర్ అయిన. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు ఊరూరా గొలుసు పట్టి తిరిగి హద్దులు చూపించిన మనిషిని. ఇంట్లో ఊకె కూసునుడు నాతోని కాలేదు. హనుమకొండలో వడ్డేపల్లి చెరువు దిక్కు ఉంటం. ఇంటి ఎనుక రేకులు వేసిన జాగ ఒకటుంది, పది అడుగులకు పన్నెండు. అక్కడ కర్రపని మొదలుపెట్టిన. ఎవరి దగ్గరా పనిలో చేరలేదు, చేసుకుంట చెడగొట్టుకుంట నేర్చుకున్న. నా లెక్క ఈ వయసులో మొదలుపెట్టేవాళ్లకు కొన్ని నెలలన్నా కలిసొస్తదని ఇది రాస్తున్న.

ముందే ఒక మాట. మంచం, బీరువా, మనుమలకు ఊయల, ఇవన్నీ మనసులో ఉంటయ్. వాటి జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక పీట చేయండి. అయినంక ఇంకో పీట చేయండి. తర్వాత మూడోది. కర్ర తక్కువ పడ్తది, ఏ ఇంట్లోనన్నా పీటకు పని ఉంటది. ఇక నేర్చుకోవాల్సినవన్నీ దాంట్లోనే ఉన్నయ్: సాపు చేసుడు, మూల నిలబెట్టుడు, అతుకు వేసుడు, కర్ర ఉబ్బినా తగ్గినా పగలకుండ బిగించుడు. నేను మొదటిది చెడగొట్టి, రెండోది వాడుకుని, మూడోది పక్కింటివాళ్లకు పెండ్లి కానుకగా ఇచ్చిన.

సామాను

కొనేది తక్కువే ఉండాలె. ఉలులు మూడు: 6, 12, 25 మిల్లీమీటర్లవి. కర్ర సాపు చేసే ఇనుప రందా ఒకటి, 14 అంగుళాలది. రంపం ఒకటి, సన్న పండ్లది. లాగితే కోసే జపాన్ తరహా రంపం దొరికితే అది తీసుకోండి, భుజం మీద భారం తక్కువ పడ్తది. గునియా (మూల సరిగ్గ నిలబడ్డదా చూసే ఎల్ ఆకారం పట్టీ), టేపు, గీత పెట్టే గేజు, ముక్కలు బిగించిపట్టే సి-క్లాంపులు నాలుగు, చిన్న డ్రిల్లు. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇవన్నీ చేతిలో పట్టుకుని చూసి కొనొచ్చు. రందా మాత్రం తప్పకుండా చేత్తో పట్టి చూసే కొనాలె. ఉలిని కొట్టే గూటం కొనాల్సిన పని లేదు. చింత మొద్దు ముక్క దొరికితే దానికి పిడి పెట్టుకుంటే మన జీవితకాలం వస్తది.

గునియా కొనేటప్పుడు దుకాణంలోనే చూసుకోండి. సాపైన అంచుకు ఆనిచ్చి ఒక గీత గీయాలె. గునియాను తిరగేసి అదే చోట ఇంకో గీత గీయాలె. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే అది మంచిది. పైన కలిసి కింద విడిపోతే పక్కకు పెట్టి ఇంకోటి అడగండి. సిగ్గుపడేది ఏం లేదు, నేను మూడు తిప్పి చూసి నాలుగోది తీసుకున్న.

బల్ల సంగతి. మన దిక్కు వడ్లవాళ్లు కింద కూసుని, కాలితో కర్రను అదిమిపట్టి పనిచేస్తరు. చూస్తే ముచ్చటైతది, కాని అది చిన్నప్పటి సంది అలవాటైన ఒళ్లు. మన మోకాళ్లకు అది వద్దు. నిలబడి పనిచేయండి. చేతులు కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికి వస్తదో బల్ల అంత ఎత్తుంటే నడుము వంగదు. నాకు 34 అంగుళాలు వచ్చింది. కూలగొట్టిన ఇంటి నుంచి తెచ్చిన పాత టేకు దర్వాజ తలుపు ఒకటి ఇనుప స్టాండు మీద పరిచిన. అదే నా బల్ల.

మిషిన్ల గురించి ఒక్కటే చెప్తున్న. బండలు కోసే హ్యాండ్ కట్టర్‌కు కర్ర కోసే బ్లేడు బిగించి వాడుతున్నరు చాలామంది, మీరు వాడొద్దు. ముడి తగిలితే అది మీదికి ఎగిరొస్తది, పట్టుకునే బలం మన చేతులకు లేదు. పెద్ద కోతలు సామిల్లులోనే కోయించుకోండి.

పదును

మొదటి నాలుగు నెలలు నేను చేసిన తప్పంతా ఇక్కడే. కొత్త ఉలి కొన్న, కొత్తది కదా పదునుంటదనుకున్న. బెజ్జం కొడ్తుంటే కర్ర కోసుకపోకుండ నలిగిపోయేది. కర్ర మంచిది కాదనుకున్న, నా చేయి మంచిది కాదనుకున్న. మా గల్లీ చివర వడ్లపని చేసే పెద్దాయన ఒకరున్నరు. ఒకరోజు అటు పోతూ ఆగి నా ఉలి అందుకుని, బొటనవేలి గోరు మీద ఆనిచ్చి చూసిండు. గోరు మీద అది జారింది.

"సారూ, కర్ర తర్వాత. ముందు దీనికి పదును పెట్టుకోండ్రి. పదునుంటే ఇది గోరు మీద నిలబడ్తది, జారది" అన్నడు.

"కొత్తది గదా అన్నా?"

"కొత్త ఉలికి పదునుండదు సారూ. ఎవల పదును వాళ్లే పెట్టుకోవాలె."

ఆ రోజు నుంచి కర్ర పక్కకు పెట్టి పదిరోజులు ఉలులు, రందా బ్లేడు మాత్రమే నూరిన. మీరు కూడా అట్లనే చేయండి. ఖరీదైన సానరాళ్లు అక్కర్లేదు. అద్దాల దుకాణంలో 10 మిల్లీమీటర్ల మందం గాజు ముక్క అడగండి, ఒక అడుగు పొడుగుంటే చాలు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 220, 400, 1000, 2000 నంబర్లవి తెచ్చుకోండి. గాజు మీద నీళ్లు చల్లి పేపర్ పరిస్తే కదలకుండ పట్టుకుంటది.

ముందు ఉలి వీపు, అంటే చదునుగా ఉండే పక్క. మొన నుంచి అంగుళం మేర పేపర్ మీద పూర్తిగా ఆనిచ్చి ముందుకు వెనక్కు రాయాలె. కొత్త ఉలి వీపు పైకి సాపుగా కనబడ్తది గాని, 400 మీద పది సార్లు రాసి చూస్తే ఎక్కడెక్కడ తగులుతున్నదో మెరుపు చెప్తది. మధ్యలో గుంటలుంటే 220కి దిగి, మొన పక్కనంతా ఒక్కతీరుగ మెరిసేదాకా రాయాలె. ఇది ఉలికి జీవితంలో ఒక్కసారి చేసే పని, గంట పట్టినా ఓర్చుకోండి.

తర్వాత ఏటవాలు పక్క. చేత్తో కోణం నిలబెట్టుడు పెద్దాయనకు వస్తది, మనకు రాదు. ఉలిని రెండు పక్కల పట్టి చక్రం మీద నడిపే హోనింగ్ గైడ్ దొరుకుతది, అది కొనుక్కోండి. మామూలుగా దొరికే గైడ్‌లో ఉలి 30 మిల్లీమీటర్లు ముందుకు పెట్టి బిగిస్తే 30 డిగ్రీలు వస్తది. రందా బ్లేడుకైతే 38 మిల్లీమీటర్లు ముందుకు పెట్టాలె. ఈ కొలతలు ప్రతిసారి టేపుతో చూడకుండ, ఒక చెక్కముక్కకు రెండు అడ్డుపుల్లలు కొట్టి పెట్టుకున్న. ఉలి దానికి ఆనిచ్చి బిగిస్తే అయిపోయె.

ఏటవాలు పక్క 1000 మీద రాస్తుంటే కాసేపటికి మొన వెనక్కు సన్నగా వంగుతది. కంటికి కనబడదు. వీపు మీద నుంచి మొన దిక్కు వేలు తోస్తే గరుకు తగులుతది. మొన పొడుగునా ఆ గరుకు వచ్చిందంటే అక్కడిదాకా పని అయినట్టు. రాలేదంటే ఇంకా రాయాలె. వచ్చినంక 2000 మీద ఏటవాలు పక్క కొంచెం, వీపు కొంచెం, మార్చి మార్చి రాసి ఆ గరుకు పోగొట్టాలె. ఆఖరుకు పాత తోలు బెల్టు మీద వెనక్కు లాగాలె. మెత్తటి కర్ర అడ్డకోత మీద తోసి చూడండి. పొడి రాలకుండ పలుచటి పొర లేచి, కింద కర్ర నిగనిగలాడితే పదును కుదిరింది.

పనిచేసే రోజు అరగంటకోసారి 2000 మీద నాలుగు సార్లు రాయాలె. మొద్దుబారేదాకా ఆగొద్దు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెడ్తం, బలం పెట్టినప్పుడే అది జారి చేతిలో దిగుతది.

కర్ర

టేకు అంటే మనకు ప్రాణం. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవులల్లో సర్వేకు తిరిగిన మనిషిని, నాకు ఆ చెట్టు మీద ఉన్న మమత ఇంతా అంతా కాదు. కాని కొత్త టేకు కొని దాని మీద నేర్చుకునుడు మన పింఛనుకు బరువు. పాత టేకు చూడండి. పెంకుటిండ్లు కూలగొట్టినకాడ దూలాలు, వాసాలు, దర్వాజలు అమ్ముతరు. యాభై, అరవై ఏండ్లు ఇంట్లో ఉన్న కర్ర, ఇక ఆరేది ఉండదు. కోసే ముందు అయస్కాంతంతో పొడుగునా తడమండి, లోపల మేకులుంటయ్. టేకులో సహజంగనే ఇసుక లాంటి సిలికా ఉంటది, అందుకే ఉలి తొందరగా మొద్దుబారుతది. అది మీ తప్పు కాదు.

ఎవరన్నా చేను గట్టు మీది టేకు దుంగ చవకగా ఇస్తమంటే ఆగండి. టేకు కొట్టడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి కావాలె. డిపోలో బిల్లుతో కొన్నదే మనకు నిశ్చింత.

నేను పీటలకు వాడేది వేప. సామిల్లుల్లో దొరుకుతది, గట్టిగుంటది, రందాకు లొంగుతది. తుమ్మ నాగండ్లకు, బండ్లకు పేరున్న కర్రే గాని మొదటిరోజుల్లో చేతులు, ఉలులు రెండూ అరుగుతయ్. మామిడి మెత్తగుంటది, పురుగు తొందరగా పడ్తది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు, చెక్కడానికి హాయిగా ఉంటది. బొమ్మలకు అది పెట్టింది పేరు, మనిషి బరువు మోసే పీటకు కాదు. ఏ కర్ర కొన్నా చేవ చూసి కొనండి. దుంగ నడుమ ముదురు రంగులో ఉండేది చేవ, బెరడు దిక్కు తెల్లగా ఉండేదాన్ని పురుగు తింటది.

ఇప్పుడు నా మొదటి పీట సంగతి. సామిల్లులో "ఆరిన కర్రేనా" అని అడిగితే "ఆరిందే సార్" అన్నరు, తెచ్చిన. సెప్టెంబర్‌లో పీట చేసిన. పైచెక్క కింద రెండు అడ్డపట్టీలు పెట్టి, ఫెవికాల్ పూసి, స్క్రూలు బిగించిన. గట్టిగుండాలె అని ఎంత బిగించొచ్చో అంత బిగించిన. ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో టప్పుమని చప్పుడైంది. పోయి చూస్తే పీట పొడుగునా చీలి ఉంది, ఆ సందులో పది రూపాయల బిళ్ల పట్టింది.

రెండు తప్పులు. కర్ర పచ్చిది. ఇక పచ్చిది కాకున్నా, కర్ర పొడుగులో మారదు గాని వెడల్పులో మారుతనే ఉంటది. వానకాలం తేమ తాగి ఉబ్బుతది, ఎండకాలం తగ్గుతది. ఎంత పాతదైనా అంతే. నేను దాన్ని అడ్డపట్టీకి అతికి తగ్గకుండ కట్టేసిన. తగ్గేది తగ్గక మానదు, అందుకే పగిలింది.

అందుకని ఇప్పుడు కర్ర తెచ్చినరోజే తూకం వేస్త. 32 మిల్లీమీటర్ల మందంతో కోయించిన పలకల అడ్డకోతలకు పాత పెయింట్ పూస్త, ఎందుకంటే తేమ అక్కడి నుంచే తొందరగా పోయి చీలికలు పడ్తయ్. నీడలో, పలకకు పలకకు నడుమ పుల్లలు పెట్టి పేర్చాలె. ఆదివారం ఆదివారం మా ఇంటామె కూరగాయలు తూచే కాంటా మీద ఒక పలకను పెట్టి బరువు రాసుకుంట. రెండో పీటకు తెచ్చిన వేప పలక నవంబర్‌లో 2 కిలోల 480 గ్రాములుండె. మొదటి నెల వారానికి 70, 80 గ్రాములు తగ్గింది. ఫిబ్రవరిలో పది, పదిహేను. మార్చిలో 1 కిలో 790 దగ్గర నిలబడింది. మూడు వారాలు కాంటా అదే అంకె చూపిస్తే ఆ కర్ర ఆరినట్టు. ఎవరినీ అడిగే పని లేదు.

పీట

కొలతలు, అన్నీ మిల్లీమీటర్లల్ల: పైచెక్క 400 పొడుగు, 300 వెడల్పు, 25 మందం. అంత వెడల్పు పలక ఒక్కటే తీసుకుంటే వంగుతది, 150వి రెండు అతకండి. కింద అడ్డపట్టీలు రెండు, ఒక్కోటి 270 పొడుగు, 40 ఎత్తు, 30 మందం.

సర్వేలో మాకు మొదలే నేర్పేది ఒకటుండె: మొత్తం నుంచి భాగానికి రావాలె, భాగాలు కూడేసుకుంట మొత్తానికి పోవద్దు. 33 అడుగుల గొలుసుతో ఒక గట్టు కొలిచి, దాని చివర నుంచి ఇంకో గట్టు, దాని చివర నుంచి ఇంకోటి కొలుచుకుంట పోతే, ఒక్కోదాంట్లో నాలుగు వేళ్ల తప్పు చేరి ఆఖరుకు పక్కోని పొలంలో పడ్తం. కర్రలో కూడా ఇదే. ప్రతి ముక్కకు ఒక ముఖం, ఒక అంచు ముందు సాపు చేసి పెన్సిల్ గుర్తు పెట్టండి. తర్వాత ఏ గీత గీసినా, ఏ మూల చూసినా ఆ రెండింటి నుంచే. మొదటి పట్టీ కొలిచి కోసినంక రెండో పట్టీని టేపుతో మళ్లీ కొలవొద్దు, మొదటి పట్టీని దాని మీద పెట్టి గీత గీయండి. రెండూ ఒక్కతీరుగ ఉంటయ్, అంకె ఎంతైనా సరే.

ముఖం సాపు అయిందో లేదో చూసే తరీక మాకు అలవాటైందే. చేనులో రెండు జెండా కర్రలు పాతి, ఒకదాని వెనక ఒకటి వరుసలో ఉన్నయా అని ఒక కన్ను మూసి చూస్తం. ఇక్కడ రెండు సాపైన పుల్లలు తీసుకుని పలకకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి అడ్డంగా పెట్టండి. కిందికి వంగి, దగ్గరి పుల్ల పైఅంచు మీది నుంచి దూరం పుల్ల పైఅంచు చూడండి. రెండు అంచులు కలిసిపోతే పలక మెలి తిరగలేదు. దూరం పుల్ల ఒక పక్క ఎక్కువ కనబడితే ఆ మూల ఎత్తుంది, ఆ మూలా దానికి ఐమూలగా ఉన్న మూలా రందా పట్టాలె. రందా పడ్తుంటే పలక చిరిగినట్టయితే నారకు (కర్రలో పొడుగునా పోయే పోగులకు) ఎదురు పోతున్నరన్నమాట, పలకను తిప్పి పట్టండి.

అతుకు అంచులు రందా పట్టినంక ఒకదాని మీద ఒకటి నిలబెట్టి కిటికీ దిక్కు ఎత్తి చూడండి. సందులోంచి వెలుతురు రావొద్దు. ఫెవికాల్ సందు పూడ్చదు, ఆనుకున్న అంచులను పట్టుకుంటది, అంతే. పొడుగు క్లాంపులు లేకుంటే పాత పలక మీద రెండు అడ్డుపట్టీలు కొట్టి, వాటి నడుమ మన రెండు ముక్కలు పెట్టి, మిగిలిన సందులో ఏటవాలుగా కోసిన చెక్కముక్కలు రెండు ఎదురెదురు దిగ్గొట్టండి. బిగింపు గట్టిగనే వస్తది. కింద పేపర్ పరచడం మరువొద్దు. రాత్రంతా వదిలేయాలె.

అడ్డపట్టీ ఒక్కోదానికి మూడు స్క్రూలు. పట్టీ కింది పక్క నుంచి 20 మిల్లీమీటర్ల లోతు పెద్ద బెజ్జం వేస్తే స్క్రూ తల, వాషర్ దాంట్లో కూసుంటయ్. 35 మిల్లీమీటర్ల స్క్రూ అప్పుడు పైచెక్కలోకి 15 దిగుతది, పైకి పొడుచుకురాదు. ఇక అసలు విషయం: నడుమ బెజ్జం మాత్రమే గుండ్రంగా ఉండాలె. రెండు చివరి బెజ్జాలు పట్టీ పొడుగు వెంట కోలగా ఉండాలె. 5 మిల్లీమీటర్ల బిట్టుతో పక్కపక్కన రెండు బెజ్జాలు వేసి, నడుమ మిగిలింది సన్న ఉలితో తీసేయండి. ఫెవికాల్ నడుమ రెండంగుళాల మేర చాలు, చివరలకు పూయొద్దు. పైచెక్క ఉబ్బినప్పుడు చివరి స్క్రూలు ఆ కోల బెజ్జంలో కొంచెం జరుగుతయ్, నడుమది పట్టుకునే ఉంటది.

పట్టీలు బిగించే ముందు మూలకు మూల కొలవండి. ఈ పట్టీ ఎడమ చివర నుంచి ఆ పట్టీ కుడి చివరకు, మళ్లీ ఇటు నుంచి అటు. రెండు కొలతలు ఒక్కటే వస్తే మూలలు నిలబడ్డట్టు. ఎన్నో పొలాలకు చేసిన పనే ఇది, పీట మీద చేసినప్పుడు నాకు పాత దోస్తు కలిసినట్టయింది.

పీట ఊగుతుందా? వంటింటి గ్రానైట్ బండ మీద కార్బన్ పేపర్ రంగు పక్క పైకి పెట్టి, దాని మీద పీట పెట్టి కొంచెం కదిలించండి. ఎత్తుగా ఉన్న చోట రంగు అంటుకుంటది. అక్కడ ఒక పలుచటి పొర తీసి మళ్లీ పెట్టండి. నాలుగైదు సార్లు చేస్తే ఊగుడు పోతది.

తర్వాత 120, 180, 220 నంబర్ల పేపర్లతో నార వెంట రాయాలె. ఈ పని బయట, మాస్కు పెట్టుకుని చేయండి, ఎన్-95 మాస్కు. కర్ర పొడి ఏండ్ల తరబడి పీలిస్తే ముక్కు క్యాన్సర్ దాకా పోతదని తేలిన విషయం, టేకు పొడితో కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వస్తయ్. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే గోళీలు వేసుకునేవాళ్లు ఇంకా పైలంగ ఉండాలె. ఉలి పట్టినప్పుడు రెండో చేయి ఎప్పుడూ మొన ఎనుకనే ఉండాలె, ముందు కాదు. మే నెలలో పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా చాలు, రేకుల కింద ఆ తర్వాత మనిషి ఉండలేడు.

ఆఖరుకు అవిసె నూనె పలుచగా పూసి, పావుగంట ఆగి తుడిచేయండి. రెండ్రోజులకు ఇంకోసారి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలకు పడేయొద్దు. ఆ నూనె ఆరుతుంటే వేడి పుడ్తది, ఉండ లోపల ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటది. నేను బకెట్ నీళ్లలో ముంచి, తర్వాత దండెం మీద విప్పి ఆరేస్త.

నూనె ఆరినంక పీట తిరగేసి కింద పెన్సిల్‌తో కర్ర పేరు, తేదీ, ఆ రోజు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. నా రెండో పీట కింద రాసినవి చెప్తున్న: మే నెలలో 298, ఆగస్టులో 301, మళ్లీ మేలో 298. చీలిక ఎక్కడా లేదు.